మన్రో దొర గుర్రానికి రికాబులు ఎందుకు లేవు?

వేసవి సెలవుల్లో చెన్నై వెళ్ళివచ్చినవాళ్ళ ఫొటోల్లో మెరీనా అలలు, మైలాపూరు గోపురం తప్పకుండా ఉంటాయి. ఈసారి మా గుత్తి మిత్రబృందం పంచుకున్న ఫొటోల్లో అందరి చూపునూ ఆపేసింది వేరొకటి. రోడ్డు మధ్యలో ఎత్తైన రాతి దిమ్మె, దానిమీద నల్లబడిన కంచు గుర్రం, గుర్రం మీద నిటారుగా కూర్చున్న ఒక దొర. ఫొటోను పెద్దది చేసి చూసిన ఒకరు అడిగారు: "జీను ఏదిరా? కాళ్ళు పెట్టుకునే రికాబులేవి?" నిజంగానే లేవు. దొర పాదాలకు ఏ ఆధారమూ లేదు, గుర్రం పొట్టకు రెండు వైపులా ఊరికే వేలాడుతున్నాయి.

ఆ దొర సర్ థామస్ మన్రో. పేరు తెలియగానే మాటలు తలో దారి పట్టాయి. శిల్పి రికాబులు పెట్టడం మరిచిపోయాడని, ఆ అవమానం భరించలేక ప్రాణం తీసుకున్నాడని ఒకరు చెప్పారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి దర్శనం పొందిన పుణ్యాత్ముడాయన అని ఆదోనిలో స్థిరపడిన మిత్రురాలు రాసింది. గండిలో బంగారు తోరణం చూసింది ఈయనేనని కడప మిత్రుడు అందుకున్నాడు. పత్తికొండ మిత్రుడికి మాత్రం కోపం వచ్చింది. పాళెగాళ్ళను అణచి, రైతు పంటలో దాదాపు సగం పన్నుగా గుంజినవాడికి విగ్రహమేమిటి, దాన్ని ఇంకా ఉంచడమేమిటి అన్నాడు.

నాలుగు మాటలూ ఒకే మనిషి గురించి. వాటిలో ఒకటి కట్టుకథ, రెండు భక్తుల విశ్వాసాలు, చివరిది నిజమే కాని సగమే నిజం. ఇవన్నీ కలగలిసిపోయి ఉండటం వల్లే మన్రో గురించి మన ప్రాంతంలో ఎవరు మాట్లాడినా అయితే హారతి పడతారు, లేకపోతే శాపం పెడతారు. ఆయన విగ్రహం చెన్నైలో ఉన్నా ఆయన చేసిన పనిలో పెద్ద భాగం అనంతపురం, కడప, కర్నూలు నేలమీద జరిగింది. కాబట్టి ఆ చిక్కు విప్పుకోవలసింది కూడా ముందు మనమే.

తేలికైన ముడి నుంచి మొదలుపెడదాం. విగ్రహాన్ని చేసింది లండన్‌లోని సర్ ఫ్రాన్సిస్ చాంట్రీ. ఆ కాలపు ఇంగ్లండులో అగ్రశ్రేణి శిల్పి. 1827లో మన్రో చనిపోయాక మద్రాసులో చందాలు పోగుచేసి ఆయనకు పని అప్పగించారు. తయారైన విగ్రహం ఓడలో మద్రాసు చేరి, కోటకు దగ్గరగా కూవం నది పాయల మధ్యనున్న దీవి మైదానం దగ్గర 1839లో నిలబడింది. చాంట్రీ 1841 నవంబరులో లండన్‌లోని తన ఇంట్లో హఠాత్తుగా చనిపోయాడు. అది సహజ మరణం. అప్పటికి మన్రో విగ్రహం నిలబడి రెండేళ్ళు దాటింది.

ఇంతకన్నా గట్టి సాక్ష్యం లండన్ వీధుల్లోనే ఉంది. చాంట్రీ గుర్రపు సవారీ విగ్రహాలు మూడు చేశాడు. ఒకటి నాలుగో జార్జి రాజుది, ఇప్పుడు ట్రఫాల్గర్ స్క్వేర్‌లో ఉంది. రెండోది మన్రోది. మూడోది వెల్లింగ్టన్ ప్రభువుది. చాంట్రీ మొదలుపెట్టిన ఆ మూడోదాన్ని ఆయన మరణం తరువాత సహాయకుడు హెన్రీ వీక్స్ పూర్తిచేస్తే 1844లో లండన్ నడిబొడ్డున, రాయల్ ఎక్స్ఛేంజి ముందు నిలబెట్టారు. మూడింటిలోనూ జీను లేదు, రికాబులు లేవు. రాజుకూ లేవు, సేనానికీ లేవు, మద్రాసు గవర్నరుకూ లేవు. ఒక శిల్పి ఒకసారి మరిచిపోవచ్చు. మూడుసార్లు ఒకే వస్తువును మరిచిపోడు, మరిచిపోయినవాడికి వెల్లింగ్టన్ విగ్రహం పని ఎవరూ అప్పగించరు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. వెల్లింగ్టన్ అంటే తరువాత నెపోలియన్‌ను ఓడించిన ఆర్థర్ వెల్లెస్లీ. 1799లో శ్రీరంగపట్టణంలో టిప్పు సుల్తాను పతనమయ్యాక మైసూరు పంపకాలను తేల్చిన కమిషన్‌లో ఆయన సభ్యుడు, మన్రో దాని కార్యదర్శుల్లో ఒకడు. ఇద్దరూ మిత్రులై చాలాకాలం ఉత్తరాలు రాసుకున్నారు. ఆ ఇద్దరినీ ఒకే శిల్పి ఒకే పద్ధతి గుర్రం మీద కూర్చోబెట్టాడు. ఈ విషయం తెలిశాక మద్రాసు విగ్రహం ఒంటరి వింతగా కనిపించడం మానేస్తుంది. లండన్‌లోని రెండింటికి ఇది తోబుట్టువు.

మరి ఆ పద్ధతి ఎక్కడిది? ఆ తరం ఐరోపా శిల్పులు ప్రాచీన గ్రీకు, రోమన్ శిల్పాలను ఆదర్శంగా పెట్టుకున్నారు. సవారీ విగ్రహమంటే వాళ్ళ మనసులో మెదిలేది రోమ్‌లోని మార్కస్ అరేలియస్ చక్రవర్తి కంచు విగ్రహం. రెండో శతాబ్దానిది. అందులోనూ రికాబులు లేవు, ఎందుకంటే రోమన్లకు రికాబు అంటే తెలియదు. ఐరోపాకు అది ఏడో శతాబ్దం ప్రాంతంలో తూర్పు సంచార జాతులతో వచ్చింది. మన దేశంలో దాని ఆనవాళ్ళు ఇంకా పాతవి. సాంచీ శిల్పాల్లో క్రీస్తుకు పూర్వమే బొటనవేలు దూర్చుకునే రకం కనిపిస్తుందని శాస్త్రజ్ఞులు గుర్తించారు. జీనూ రికాబులూ తీసేస్తే గుర్రం ఒళ్ళు పూర్తిగా కనిపిస్తుంది, మనిషి కాలి గీత తెగకుండా దాని కడుపు మీదుగా జారుతుంది, బొమ్మకు ప్రాచీన గాంభీర్యం వస్తుంది. చాంట్రీ కోరుకున్నది అదే. జార్జి రాజుకు ప్రాచీన రోమన్ దుస్తులే వేశాడు కాబట్టి లండన్ విగ్రహం చూసినవాళ్ళకు లోటు అంతగా తోచదు. మన్రోకు మాత్రం సైన్యాధికారి యూనిఫారం వేశాడు. పంతొమ్మిదో శతాబ్దపు యూనిఫారం, రెండో శతాబ్దపు సవారీ. మన కంటికి తగులుతున్నది ఆ పొసగనితనమే. నా దృష్టిలో అది శిల్పి చేసిన సరైన ఎంపిక కాదు. కాని ఎంపికే.

గుర్రం కాళ్ళ గురించీ చర్చ సాగింది. సవారీ విగ్రహంలో గుర్రం రెండు కాళ్ళు ఎత్తితే వీరుడు యుద్ధంలో చనిపోయినట్టు, ఒకటి ఎత్తితే గాయపడినట్టు, నాలుగూ నేలమీద ఉంటే మామూలుగా పోయినట్టు అనే మాట మనందరం విన్నదే. శిల్పులు పాటించిన నియమం ఏదీ అలా లేదు. మన్రో రోగంతో పోయాడు కాబట్టి లెక్క సరిపోయినట్టు కనిపిస్తుంది గాని, నిలకడగా నిలబడ్డ గుర్రమంటే చాంట్రీకి ఇష్టం, అంతే.

కట్టుకథ ఎలా పుట్టిందో కూడా చూడాలి, ఎందుకంటే అటువంటి కథలు మన ఇళ్ళ పక్కనే ఉన్నాయి. బేలూరులో జక్కనాచారి చెక్కిన విగ్రహం రాతిలో లోపముందని కొడుకే చూపిస్తే, లోపలినుంచి కప్ప బయటపడిందని, పందెం ప్రకారం జక్కనాచారి తన కుడి చెయ్యి నరుక్కున్నాడని అంటారు. లేపాక్షిలో విరూపణ్ణ రాజుగారి శిక్షకు ముందే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడని, ఆ మరకలే ఇవని గైడ్లు చూపిస్తారు. అపురూపమైన పనిలో ఏదో ఒకటి అసంపూర్తిగా, అర్థం కాకుండా మిగిలినప్పుడు, దానికి మూల్యంగా ఒక మనిషి శరీరాన్నో ప్రాణాన్నో కోరే కథ పుడుతుంది. చాంట్రీ కథ ఆ మూసలోనిదే.

ఇక అసలు చిక్కు. ఈ మనిషికి మనతో సంబంధం ఏమిటి?

మన్రో 1761లో స్కాట్లాండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో క్యాడెట్‌గా మద్రాసులో దిగాడు. హైదర్ అలీతో, టిప్పుతో యుద్ధాలు చూశాడు, ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతమైన బారామహల్‌లో పన్నుల పని నేర్చుకున్నాడు. 1800 అక్టోబరులో హైదరాబాదు నిజాము తనకు మైసూరు యుద్ధాల్లో దక్కిన ప్రాంతాలను కంపెనీకి అప్పగించాడు. తన దగ్గర ఉంచుకున్న కంపెనీ సైన్యం ఖర్చుకు బదులుగా. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతంలో కొంత భాగం ఆ ఒప్పందంతో చేతులు మారాయి. దత్తమండలాలు అన్న పేరు అలా వచ్చింది. కర్నూలు పట్టణం మాత్రం 1839 దాకా నవాబుల కింద ఉంది. ఈ మండలాలకు మొదటి ప్రధాన కలెక్టరు మన్రో. 1807 దాకా, ఏడేళ్ళు.

అప్పటికి ఇక్కడ 80 మంది దాకా పాళెగాళ్ళు ఉండేవారు. ఎవరి కోట వారిది, ఎవరి బంట్లు వారివి. ఎవరికి వీలైతే వారు పన్ను వసూలు చేసేవారు. మన్రో వాళ్ళలో కొందరిని తరిమాడు, కొందరికి భరణమిచ్చి కూర్చోబెట్టాడు, ఆయుధాలు వదిలించాడు. రోజూ దోపిడీకి గురయ్యే పల్లెకు అది ఊరట. అధికారం పోయిన కుటుంబాలకు తరతరాల గాయం. 1846లో భరణాల వ్యవహారంలో రగిలి తిరగబడిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఆ కుటుంబాల వారసుడే. 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఆయనను ఉరితీశారు. మన్రో పోయి అప్పటికి దాదాపు ఇరవై ఏళ్ళు. కాని నిప్పు వేసిన చోటు అదే. పత్తికొండ మిత్రుడి కోపానికి ఆధారం ఉందని నేను అనడం ఇందుకే.

పాళెగాళ్ళను పక్కకు తప్పించాక భూమి శిస్తు ఎవరి నుంచి తీసుకోవాలి? బెంగాల్లో కంపెనీ 1793లో జమీందార్లను నిలబెట్టి శాశ్వత ఒప్పందం చేసుకుంది. మద్రాసులోనూ అదే చేయాలని పైవాళ్ళ ఒత్తిడి. మన్రో ఒప్పుకోలేదు. మధ్యలో జమీందారు ఎందుకు, సర్కారు నేరుగా రైతుతోనే లెక్క చూసుకోవాలన్నాడు. అదే రైత్వారీ. అందుకోసం దత్తమండలాల్లో ఊరూరా, చేను చేనుకూ కొలత వేయించాడు. కొలిచేవాళ్ళ చేతిలో 33 అడుగుల గొలుసు. ఆ గొలుసు పొడవుతో చదరం గీస్తే 1,089 చదరపు అడుగులు, అటువంటివి నలభై కలిస్తే ఒక ఎకరం. తరువాత మన్ను రకం చూసేవాళ్ళు వచ్చి రేగడా, ఎర్రనేలా, మాగాణా, బావి కింద తోటా అని తేల్చి చేనుకు ఇంతని శిస్తు కట్టారు. ఏటా జమాబందీలో, అంటే ఏడాది శిస్తు లెక్క తేల్చేటప్పుడు, ఎవరు ఏ చేను సాగుచేస్తున్నారో చూసి రైతు పేర పట్టా రాసిచ్చారు. ఈ రోజు తహసీల్దారు కార్యాలయంలో మనం పలికే పట్టా, జమాబందీ అన్న మాటలు అంతకుముందే ఉన్నవి. కాని ప్రతి చేనుకూ ఒక సంఖ్య, ప్రతి సంఖ్యకూ ఒక రైతు పేరు అన్న ఏర్పాటు మన జిల్లాల్లో ఇంత పెద్ద ఎత్తున స్థిరపడింది ఈ కొలతలతోనే. జీవితంలో ఒక్కసారీ చెన్నై చూడని అనంతపురం రైతు కూడా తన పాసు పుస్తకంలో మన్రోను మోస్తున్నాడు.

ఇంతవరకు బాగానే ఉంది. శిస్తు ఎంత? చేను మొత్తం పంటలో సర్కారు వాటా సుమారు 45 శాతం. ఖర్చులు పోను మిగిలినదానిలో అనుకుంటే పొరపాటు, మొత్తం పంటలోనే. పైగా అది ధాన్యంగా తీసుకునే పాలు కాదు, డబ్బుగా నిర్ణయించిన మొత్తం. వాన కురవని ఏడాదీ అదే, ధర పడిపోయిన ఏడాదీ అదే. రాయలసీమ వాన సంగతి ఎవరికి చెప్పాలి? పది మూటలు పండితే నాలుగున్నర సర్కారుకు. మిగిలిన అయిదున్నరలో విత్తనం, ఎద్దుల మేత, కూలి, అప్పు, ఇంటిల్లిపాది తిండి. పన్ను కట్టలేక చేను వదిలేద్దామన్నా తేలిగ్గా వదలనిచ్చేవారు కాదు. మిత్రుడు "దాదాపు సగం" అన్నది అతిశయోక్తి కానే కాదు.

అయితే మిగతా సగం నిజం ఇక్కడే మొదలవుతుంది. తాను వేయించిన ఈ శిస్తు మోయలేనంత బరువైందని రాతపూర్వకంగా చెప్పినవాడు కూడా మన్రోనే. 1807లో దత్తమండలాలు వదిలి ఇంగ్లండు వెళ్ళేముందు పై అధికారులకు ఒక నివేదిక రాశాడు. అన్ని భూముల మీదా శిస్తులో 25 శాతం తగ్గించాలి, బావుల కింద సాగయ్యే తోటలకు మరో 8 శాతం తగ్గించాలి, చేనును ఉంచుకోవడమో వదులుకోవడమో రైతు ఇష్టానికి విడిచిపెట్టాలి అన్నది దాని సారం. లెక్క వేసి చూడండి. 45లో పాతిక శాతం తీసేస్తే 33.75. అంటే సర్కారు వాటా సగం దగ్గరి నుంచి మూడో వంతుకు దిగుతుంది. అంతకు మించితే రైతు చేతిలో మిగులు ఉండదు, మిగులు లేని రైతు భూమిని బాగుచేయడు, ఆ భూమికి విలువ రాదు అని ఆయన వాదన.

మద్రాసు ప్రభుత్వం ఒప్పుకోలేదు. రాబడి తగ్గుతుందని భయం. దాని బదులు ఊళ్ళను మొత్తంగా గుత్తకిచ్చే పద్ధతి పెట్టింది. ముందు మూడేళ్ళకు, ఆ తరువాత పదేళ్ళకు. ఊరి శిస్తంతా ఒకరు పాడుకుని, రైతుల నుంచి రాబట్టుకోవాలి. మంచి ఏళ్ళలో కట్టిన శిస్తే మోయరానిది, కరువు ఏళ్ళు తగిలేసరికి గుత్త తీసుకున్నవాళ్ళు దివాలా తీశారు, రైతులు ఊళ్ళు విడిచారు. చివరికి కంపెనీ డైరెక్టర్లు రైత్వారీకే మళ్ళమన్నారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చాడు. రాగానే చేసిన పనుల్లో ఒకటి దత్తమండలాల్లో ఆ తగ్గింపును అమలులో పెట్టడం. మెట్టకూ మాగాణికీ 25 శాతం, తోటలకు 33 శాతం. అడిగిన పదమూడేళ్ళకు, అడిగినవాడే గవర్నరై వస్తే గాని అది జరగలేదు.

మన్రో మీద మన ముత్తాతల అభిమానం ఉత్త దొరభక్తి కాదని నేను నమ్మడానికి కారణం ఇదే. పన్ను సగం నుంచి మూడోవంతుకు దిగడమంటే ఏమిటో ఇంట్లో గాదె చూసిన ఆడవాళ్ళకు తెలుసు. అందుకే పిల్లలకు "మన్రోలప్ప" అని పేరు పెట్టుకున్నారు, ఆయనను మాండవ్య ఋషి అవతారమన్నారు. కాని అదే ఊపిరిలో ఇంకొకటి చెప్పాలి. మెచ్చుకున్న ఆ ఊరట, ఆయనే ఎత్తిన బరువులోంచి కొంత దించడం. మూడోవంతు కూడా తక్కువేమీ కాదు. 1820 తరువాత ధాన్యం ధరలు పడిపోయి దశాబ్దాల పాటు లేవలేదు. డబ్బుగా కట్టిన శిస్తు మాత్రం నిలబడింది. బాకీలు రాబట్టడానికి కింది ఉద్యోగులు రైతుల వేళ్ళను కిట్టి అనే చెక్క బిగింపులో పెట్టి నొక్కేవారని, ఎండలో వంగబెట్టి నిలబెట్టేవారని 1855లో మద్రాసు చిత్రహింసల విచారణ కమిషన్ నమోదు చేసింది. అది మన్రో పోయిన 28 ఏళ్ళకు. హింసను ఆయన ఆదేశించలేదు. కాని శిస్తును కచ్చితంగా నిర్ణయించి, వసూలును తానే నేరుగా చూసుకునే పనిగా పెట్టుకున్న సర్కారుకు, కట్టలేని ఏడాది ఏం చేయాలన్న జవాబు ఆ వ్యవస్థలో లేదు. రైతుకూ సర్కారుకూ మధ్య జమీందారును తీసేశాడు. ఆ ఖాళీలోకి బిళ్ళబంట్రోతు వచ్చాడు.

ఆయన పనిలో పన్నులు కానివీ ఉన్నాయి. 1822లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో, ఎవరు చదువుతున్నారో ప్రతి కలెక్టరూ లెక్క పంపాలని ఆదేశించాడు. అలా తేలినవి 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. ఇంగ్లీషు చదువుకు ముందు మన పల్లెల్లో చదువు ఎలా ఉండేదో తెలియడానికి ఇప్పటికీ పెద్ద ఆధారం ఆ లెక్కలే. 1820లో దేశభాష రాని అధికారి పనికిరాడన్న ఆయన ప్రసంగం విన్న కుర్రాళ్ళలో ఒకడు ఆ ఆగస్టులో కడపకు వచ్చి తెలుగు మొదలుపెట్టాడు. ఆ కుర్రాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. భారతీయులు తమను తాము పాలించుకోగల రోజు వస్తుందని, అందుకు వాళ్ళను సిద్ధం చేయడమే పాలకుల పని కావాలని 1824లో మన్రో రాసిన పత్రం కూడా ఉంది. ఆ కాలపు కంపెనీ అధికారుల్లో అలా రాసినవాళ్ళు అరుదు.

ఇప్పుడు విశ్వాసాల దగ్గరికి. మంత్రాలయం మఠం భూములను సర్కారు వెనక్కి తీసుకునే విచారణకు మన్రో వచ్చాడని, చెప్పులు, టోపీ తీసి బృందావనం ముందు నిలబడ్డాడని, 1671లోనే బృందావన ప్రవేశం చేసిన స్వామి ఆయనకు కనిపించి మాట్లాడాడని, మిగతావారికి ఆ మాటలు వినబడలేదని కథ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అచ్చయిన బళ్ళారి జిల్లా గెజిటీరులో, ఆదోని తాలూకా భాగంలో ఇది స్థానికుల కథగా ఎక్కింది. అప్పట్లో ఆదోని బళ్ళారి జిల్లాలో ఉండేది. గెజిటీరులో ఉంది కాబట్టి సర్కారు ధ్రువీకరించినట్టే అని చాలామంది అంటారు. గెజిటీరు ధ్రువీకరించింది జనం అలా చెప్పుకుంటున్నారన్నంతవరకే. దర్శనం నిజమా అన్నది భక్తుల హృదయానికి సంబంధించినది, దానిలోకి నేను వెళ్ళను. చరిత్ర వైపు నుంచి చెప్పగలిగింది వేరే ఉంది. గుళ్ళకూ మఠాలకూ పాత రాజులిచ్చిన ఈనాములను కంపెనీ కలెక్టర్లు ఒక్కొక్కటిగా పరీక్షిస్తున్న కాలమది. ఏ ఈనాము ఉంటుందో, ఏది ఊడుతుందో ఒక్క కలం పోటుతో తేలేది. ఆ కలం పట్టుకున్న మనిషి దేవుడి ముందు టోపీ తీశాడన్న కథలో ఊరంతా పడిన భయం, తరువాత వచ్చిన నెమ్మది రెండూ వినిపిస్తాయి.

గండి కథ మరణానికి సంబంధించినది. వేంపల్లె దగ్గర పాపఘ్ని నది కొండను చీల్చుకుని వచ్చే చోటు గండి. లంక నుంచి తిరిగివస్తున్న రాముడికోసం వాయుదేవుడు రెండు కొండల మధ్య బంగారు తోరణం కట్టాడని, పుణ్యాత్ములకు మాత్రమే, అదీ అంత్యకాలం దగ్గరపడినప్పుడే అది కనబడుతుందని నమ్మకం. మన్రో తల పైకెత్తి చూసి ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట, కొద్దికాలానికే చనిపోయాడట.

చనిపోయిన తీరు మాత్రం రికార్డుల్లో స్పష్టంగా ఉంది. ఆయన పదవి వదిలి ఇంటికి వెళ్ళాలని ముందే కోరుకున్నాడు. బర్మా యుద్ధం వచ్చి ఆగిపోయాడు. 1827 నాటికి భార్య, పిల్లాడు ఇంగ్లండులో ఉన్నారు, కొత్త గవర్నరు రావడమే తరువాయి. ఆ మధ్య కాలంలో వెళ్ళేముందు దత్తమండలాలను ఇంకొకసారి చూసివస్తానని మే చివర బయలుదేరాడు. దారిలో పరివారంలోకి కలరా దిగింది. గుత్తి దాటి పత్తికొండ చేరాక, జూలై 6న ఉదయం ఆయనకు సోకింది, ఆ రాత్రికే ప్రాణం పోయింది. శరీరాన్ని గుత్తికి తెచ్చి కోట కింద శ్మశానంలో పూడ్చారు. పత్తికొండలో ప్రభుత్వం ఆయన జ్ఞాపకంగా తోపు వేయించి రాతి బావి కట్టించింది. 1831లో అస్థికలను గుత్తి నుంచి తీసి మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. ఈ చివరి సంగతి మా బృందంలో చాలామందికి తెలియదు. చిన్నప్పుడు కోట ఎక్కేముందు మనం చూసిన సమాధిలో మన్రో లేడా అని ఒకరు అడిగారు. లేడు. ఆయన ఇప్పుడున్న చోటు తన విగ్రహానికి దగ్గరలోనే.

విగ్రహాన్ని ఇంకా ఉంచడమేమిటన్న పత్తికొండ మిత్రుడి ప్రశ్నకు మద్రాసు నగరం తనదైన జవాబు ఇచ్చుకుంది. మన్రో విగ్రహం ఉన్న మౌంట్ రోడ్డు (ఇప్పటి అన్నా సాలై) మీదే ఒకప్పుడు జేమ్స్ నీల్ విగ్రహం కూడా ఉండేది. 1857 తిరుగుబాటులో అలహాబాదు, కాన్పూరుల్లో ఊచకోతలు జరిపించిన సైన్యాధికారి. 1927లో దాన్ని తీసేయాలని యువకులు సత్యాగ్రహం చేసి జైళ్ళకు వెళ్ళారు. 1937లో రాజాజీ ప్రభుత్వం దాన్ని రోడ్డు మీద నుంచి తీయించి మ్యూజియానికి పంపింది. అదే జనం, అదే ప్రభుత్వం, అదే రోడ్డు. మన్రోను కదపలేదు. తెల్లవాళ్ళందరినీ ఒకే గాటన కట్టకుండా, ఎవరు ఏం చేశారో చూసి తేల్చుకున్న సమాజమది. స్వాతంత్ర్యం కోసం జైలుకు వెళ్ళినవాళ్ళే ఆ తేడా చూపించినప్పుడు, ఇప్పుడు దాన్ని కూల్చమనడానికి నాకు మనసొప్పదు.

కాని ఉంచితే చాలదు. ఒక సేనాని దర్జాగా కూర్చున్న ఈ బొమ్మలో మన జిల్లాలకు సంబంధించినది ఒక్కటీ కనబడదు. గొలుసు లేదు, చేను లేదు, పట్టా లేదు. గుత్తిలోని ఖాళీ సమాధి దగ్గరా, పత్తికొండలోనూ, వీలైతే చెన్నై దిమ్మె కిందా తెలుగులో, తమిళంలో ఒక పలక పెట్టాలని మా బృందం తరఫున పురావస్తు శాఖకు, రెండు జిల్లాల కలెక్టర్లకు అర్జీ రాస్తున్నాం. పత్తికొండ మిత్రుడే చిత్తుప్రతి రాశాడు. మంత్రాలయం, గండి కథలను "స్థానికుల విశ్వాసం" అని పేర్కొంటూ చేర్చాం. పాళెగాళ్ళ భరణాల మాట, 1855 కమిషన్ మాట కూడా ఉన్నాయి. మొదటి వాక్యం మీద మాత్రం రెండు రోజులు వాదించుకుని ఇలా ఒప్పుకున్నాం: "1800 నుంచి 1807 వరకు దత్తమండలాల కలెక్టరు. పంటలో సుమారు 45 శాతం శిస్తు నిర్ణయించాడు. అది ఎక్కువని తానే రాసి, 1820లో గవర్నరుగా దాన్ని నాలుగో వంతు తగ్గించాడు."